స్టోరుగది తాళంచెవి

దీపావళికి అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. అక్క కొడుకు కూడా హాస్టల్ నుంచి వచ్చి ఉన్నాడు. హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆగస్టులో చేరాడు. దీపాలు పెట్టడం, టపాకాయలు కాల్చడం అయ్యాక మేడ మీద చాప వేసుకుని కూర్చున్నాం. కాలేజీ ఎలా ఉందిరా అని అడిగాను. “బాగుంది పిన్నీ” అన్నాడు. వీధిలో పిల్లలెవరో ఆఖరి చిచ్చుబుడ్డి వెలిగిస్తుంటే అటే చూస్తూ, కాసేపటికి తనే మళ్లీ అందుకున్నాడు. “కానీ నేను సోమవారం తిరిగి వెళ్లకపోయినా అక్కడ ఎవరికీ ఏ పనీ ఆగదు.”

ఆ మాట నన్ను వారం రోజులు వదలలేదు. వాడికి అక్కడ కష్టమేమీ లేదు. ర్యాగింగ్ లేదు. గదిలో ఉన్న ముగ్గురూ మంచి పిల్లలు. భోజనం బాగానే ఉంటుంది, మార్కులూ వస్తున్నాయి. చేరగానే మూడు వారాల పరిచయ కార్యక్రమం కూడా జరిగింది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2017-18 నుంచి ఇంజనీరింగ్ కాలేజీలకు దాన్ని తప్పనిసరి చేసింది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ కూడా 2019లో ‘దీక్షారంభ్’ పేరుతో అలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. వ్యాయామం, బొమ్మలు వేయడం, పెద్దల ప్రసంగాలు, చుట్టుపక్కల ప్రాంతాల సందర్శన, విలువల మీద చర్చలు అన్నీ వాడు చూశాడు. టోపీ, సంచి, చొక్కా ఇచ్చారు. వాటి మీద కాలేజీ పేరుంది.

అంత ఆప్యాయంగా లోపలికి పిలిచిన చోట, మూడు నెలలు తిరగకుండానే, తాను ఉన్నా లేకపోయినా ఒకటేనని ఒక పిల్లవాడికి ఎందుకు అనిపించాలి? నేను డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ దిగులు విద్యార్థుల ముఖాల్లో చాలాసార్లు చూశాను. ఇంత సూటిగా వినడం ఇదే మొదలు.

నాకు తోచిన జవాబు ఒకటుంది. ఎంత బాగా చూసుకున్నా, మన చేతికి ఏ బాధ్యతా ఇవ్వని చోటు మనది కాదు. చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో పీట వేసి కొసరి కొసరి వడ్డిస్తారు. అయినా ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో మనకు తెలియదు. ఉప్పు నిండుకుందని మన కంటబడి, ఎవరూ చెప్పకుండానే మనం తెచ్చిపెట్టిన రోజున ఆ ఇల్లు కాస్త మనదవుతుంది. మన కాలేజీలు పిల్లలను చుట్టాల్లా ఆదరించడం బాగా నేర్చుకున్నాయి. ఇంటివాళ్లను చేసుకునే పని మాత్రం ఒక్కొక్కటిగా వదిలేసుకున్నాయి.

నూట ఇరవై మందికి పప్పు

2000లో నేను విశాఖలో పీజీలో చేరాను. అంతకు ముందు ఇంటర్ రెండేళ్లూ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో గడిచాయి. అక్కడ గంట కొడితే లేచాం, గంట కొడితే తిన్నాం, గంట కొడితే పడుకున్నాం. ఆ రెండేళ్లలో నా పక్క మంచం మీద పడుకున్న అమ్మాయిది ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలియదు. డిగ్రీ మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి చదివాను. అంటే పీజీ హాస్టల్లో అడుగుపెట్టేనాటికి నాకు ఇరవై ఏళ్లు దాటినా, పరాయివాళ్లతో కలిసి బతకడం ఏమీ రాదు.

ఆ హాస్టల్లో మెస్ డివైడింగ్ పద్ధతిలో నడిచేది. అంటే నెల మొత్తం ఖర్చును, ఎవరు ఎన్ని రోజులు తిన్నారో ఆ లెక్కన అందరికీ పంచి వసూలు చేయడం. మా దగ్గర ఒక నియమం మాత్రం గట్టిది. ప్రతి నెలా ముగ్గురు అమ్మాయిలు, గది నంబర్ల వరుసలో, మెస్ కమిటీగా ఉండాలి. నాకు చేతకాదు, నాకు పరీక్షలున్నాయి, వంటింటి వైపు నేను వెళ్లను అంటే కుదరదు. చేరిన మూడో నెలలోనే, నవంబరుకు, మా గది వంతు వచ్చింది.

అక్టోబర్ ఆఖరు రాత్రి పాత కమిటీ అక్క వచ్చి స్టోరుగది తాళంచెవి నా చేతిలో పెట్టింది. దానికి ఒక ఎర్ర రిబ్బను ముక్క కట్టి ఉంది. ఎన్ని చేతులు మారిందో, ఆ రిబ్బనుకు ఇంగువ వాసన పట్టేసింది. తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లవారి ఐదింటికి తలుపు చప్పుడైంది. వంటపెద్ద, అందరం బాబాయి అని పిలిచే మనిషి, గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు.

“అమ్మా, పప్పు ఎంత తీయమంటారు?”

నాకు తెలియదు. ఇంట్లో అమ్మ గ్లాసుతో కొలిచి పోయడం చూశానే గాని, నూట ఇరవై మందికి ఎంతో ఎలా చెప్పగలను? ఆయనకు తెలియక అడగలేదు. పాతికేళ్లుగా ఆ వంటింట్లో ఉన్న మనిషి. కానీ తాళం నా దగ్గరుంది కాబట్టి తూకం నా నోటి నుంచే రావాలి. నేను నీళ్లు నములుతుంటే ఆయన నవ్వలేదు, తొందర పెట్టలేదు. పప్పు డబ్బా మూత తీసి, “మనిషికి నలభై గ్రాములు అనుకోండి” అన్నాడు. లెక్క వేసి ఐదు కిలోలు అన్నాను. “అంతే” అని తరాజు తీశాడు.

ఆ నెలలో ఆయన నాకు నేర్పింది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. సాంబారుకైతే పప్పు మూడు కిలోలు చాలు. గోంగూర చేసిన రోజు బియ్యం రెండు కిలోలు ఎక్కువ పోయాలి, కాకరకాయ రోజు తగ్గించాలి. ఆదివారం రాత్రి సగం మంది బయట తినివస్తారు. పరీక్షకు ముందు రాత్రి ఎవరికీ ముద్ద దిగదు, పరీక్ష అయిపోయిన మధ్యాహ్నం గిన్నెలు ఊడ్చేస్తారు. నూట ఇరవై మంది పేర్లు తెలియక ముందే వాళ్ల ఆకలి నాకు తెలిసింది.

వారానికి మూడు రోజులు పొద్దున్నే ఎం.వి.పి. కాలనీ రైతుబజారుకు ఆటోలో వెళ్లేవాళ్లం. రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి, అంటే అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ధరలు బోర్డు మీద రాసి ఉండేవి కాబట్టి బేరమాడటం రాని మాలాంటివాళ్లకు అదో ధైర్యం. వంకాయల్లో పుచ్చు పట్టడం, దొండకాయ గోటితో గిచ్చి చూడటం, ఆకుకూర తడి బరువు ఎంతో అంచనా వేయడం అక్కడ నేర్చుకున్నాను.

ఆ నెల కార్తీకమాసం. సోమవారాలు సగం మందికి ఉపవాసం. రాత్రికి ఉల్లిపాయ లేని ఉప్మా కావాలన్నారు. మా మెస్‌లో సోమవారం గుడ్డు రోజు. ఉపవాసం లేనివాళ్లు మా గుడ్డు ఎందుకు మానాలన్నారు. కొందరు క్రైస్తవ అమ్మాయిలు, ఉప్మా ఖర్చు అందరి మీదా వేస్తే డిసెంబరులో కేకు ఖర్చు కూడా అందరి మీదా వేయాలన్నారు. మూడు వాదాల్లోనూ న్యాయం ఉంది. భోజనాల గదిలో రెండు గంటలు కూర్చుని వాదించుకున్నాం. చివరికి గుడ్డు గుడ్డుగానే ఉంది, ఉపవాసం వాళ్ల గుడ్డు డబ్బుతోనే ఉప్మా అయింది, క్రిస్మస్‌కు కేకు అందరం తిన్నాం. అది పెద్ద విజయమని చెప్పను. కానీ ఆ గదిలో ఎవరి ఇంటి ఆచారం ఏమిటో, ఎవరికి ఏది పట్టింపో మొదటిసారి ఒకరి ముఖం చూస్తూ ఒకరం విన్నాం. అంతకు ముందు రెండు నెలలు పక్కపక్కనే కూర్చుని తిన్నా ఆ మాటలు రాలేదు.

ఇంకో సంగతి. నా ప్రాణ స్నేహితురాలు తాను నాలుగు రోజులు ఊళ్లో లేనట్టు మెస్ లెక్కల్లో రాయమంది. ఆ నాలుగు రోజులూ నా పక్కనే కూర్చుని తింది. రాయలేదు. ఆమె రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఇష్టమైన మనిషికి కుదరదని చెప్పి, ఆ తరువాత కూడా ఆ మనిషిని ఇష్టపడుతూ ఉండటం నాకు అప్పటిదాకా అలవాటు లేని పని. ఇప్పుడు పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు, ఇంట్లో డబ్బు విషయాలు మాట్లాడేటప్పుడు, నాకు పనికొచ్చేది ఆ రెండు వారాల్లో నేర్చుకున్నదే.

210 రూపాయలు

నవంబరు 30 రాత్రి భోజనాల గదిలో లెక్కలు వేస్తున్నాం. పుస్తకంలో ఉండాల్సిన దానికన్నా చేతిలో 210 రూపాయలు ఎక్కువగా ఉన్నాయి. డబ్బు తగ్గితే ఎవరో తీశారనుకుంటారు. మిగిలితే అంతకన్నా భయం, ఎవరికో ఇవ్వకుండా ఎగ్గొట్టామేమోనని. కిరాణా కొట్టు రసీదులు, గ్యాసు, కూరగాయలు మూడుసార్లు కూడాం. తొమ్మిదిన్నర దాటింది. మా ముగ్గురికీ మాట పెళుసెక్కింది.

గది చివర బల్ల దగ్గర ఒక అమ్మాయి ఒక్కతే తింటోంది. పాడేరు వైపు మన్యం నుంచి వచ్చిన అమ్మాయి. రోజూ అందరూ వెళ్లిపోయాకే వచ్చేది. ఆలస్యంగా చదువుకునే అలవాటు కాబోలు అనుకునేదాన్ని. కంచం కడుక్కుని వెళ్తూ మా బల్ల దగ్గర ఆగి, పుస్తకంలోకి చూసి, మెల్లగా అంది. “నవంబరుకు ముప్ఫై రోజులే కదండీ.”

పాలవాడికి డబ్బు ఏ రోజుకారోజు ఇచ్చేవాళ్లం. పుస్తకంలో మాత్రం నెలాఖరున ఒకేసారి హెచ్చవేసి రాశాం. రోజుకు పదిహేను లీటర్లు, లీటరు పద్నాలుగు రూపాయలు. ముప్ఫై ఒక్క రోజులకు హెచ్చవేశాం.

ఆనందం పట్టలేక ఆ అమ్మాయిని కూర్చోబెట్టాం. మాటల్లో మాటగా, రోజూ ఇంత ఆలస్యంగా ఎందుకు తింటావని నేను అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు, గోడ వైపు చూసింది. అక్కడ నోటీసు బోర్డు మీద మెస్ బాకీల జాబితా ఉంది. అది మేమే అంటించాం. ప్రతి కమిటీ అంటించేది, మేమూ అంటించాం. ఆమె పేరు మూడోది. స్కాలర్‌షిప్పు రాలేదు. ఆ బోర్డు కింద, ఆ పేరు చదువుతున్నవాళ్ల మధ్య కూర్చుని తినలేక ఆమె రోజూ చల్లారిన అన్నం తింటోందని నాకు ఆ రాత్రి అర్థమైంది. ముప్ఫై రోజులు స్టోరుగది తాళంచెవి కొంగున కట్టుకుని తిరిగిన నాకు, నూట ఇరవై మంది ఆకలీ తెలుసనుకున్న నాకు, అది కనబడలేదు.

జాబితా తీసేశాం. బాకీ ఉన్నవాళ్లకు విడిగా చీటీ ఇస్తామన్నాం. వార్డెన్ మొదట ఒప్పుకోలేదు, బాకీలు పెరుగుతాయన్నారు. రెండు నెలలు చూడమని బతిమాలాం. రెండు బాకీలు చివరిదాకా వసూలు కాలేదు, మిగతావి ఎప్పటిలాగే వచ్చాయి. ఫిబ్రవరి నుంచి, గది వరుసతో సంబంధం లేకుండా, లెక్కల పుస్తకం ఆ పాడేరు అమ్మాయి చేతికి వెళ్లింది. మేం ఉన్న రెండేళ్లలో అంత శుభ్రంగా లెక్క రాసినవాళ్లు లేరు.

ఇక్కడితో ఆపేస్తే నా వాదన ఎంత బాగుండేదో. కానీ ఆమె నన్ను ఆపనివ్వలేదు.

ఆమె అన్న మాట

2019లో విశాఖలో ఒక పెళ్లిలో కలిశాం. బ్యాంకులో అధికారి, ఇద్దరు పిల్లలు. పాత మాటలు మాట్లాడుకుంటూ, నీకు పుస్తకం ఇచ్చాకే కదా హాస్టల్ నీదయింది అని ఎంతో చనువుగా అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. సూటిగా చెప్పింది. “నాదని కాదండీ. పుస్తకం నా దగ్గరుంటే నన్ను వెళ్లిపొమ్మనలేరు కదా అని చేశాను. మీరంతా చదువుకునే టైములో నేను మీ లెక్కలు రాశాను.”

ఆ పెళ్లి భోజనం నాకు గొంతు దిగలేదు. పని అప్పగిస్తే మనిషి ఆ చోటికి చెందుతుందని నమ్ముతూ వచ్చాను. ఆమెకు ఆ పని చోటు కోసం కట్టిన అద్దె. కొందరు పుట్టుకతోనే ఇంటివాళ్లలా లోపలికి నడిచి వస్తారు, వాళ్లకు బాధ్యత ఒక గౌరవం. కొందరు తమ అవసరాన్ని రోజూ రుజువు చేసుకోవాలి, వాళ్లకు అదే బాధ్యత ఒక భారం.

అమెరికాలో విన్సెంట్ టింటో అనే సామాజిక శాస్త్రవేత్త, విద్యార్థులు చదువు ఎందుకు మానేస్తారో 1975లో రాస్తూ, కాలేజీ జీవితంలో కలిసిపోయినవాళ్లు నిలబడతారు, కలవలేనివాళ్లు వెళ్లిపోతారు అన్నాడు. కలవాలంటే పాత సమూహం నుంచి కొంత విడివడాలన్నది ఆయన తరువాత దానికి చేర్చిన ఊహ. తరువాత వచ్చినవాళ్లు దాన్ని గట్టిగా విమర్శించారు. బలమైన వర్గం పిల్లలకు కాలేజీ తమ ఇంటికి కొనసాగింపు, మిగతా పిల్లలను మాత్రం ఇల్లు గేటు బయట వదిలి రమ్మంటున్నారు, ఇదేం న్యాయం అని. పాడేరు అమ్మాయిని మేం పుస్తకం పట్టమన్నాం. ఆమె ఇంట్లో ఏం వండుకుంటారో, ఏ పండగకు ఏం కావాలో రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. కేకు కోసం వాదించేవాళ్లు ఉన్నారు కాబట్టి కేకు వచ్చింది. వాళ్ల వైపు గిరిజనులు చేసుకునే కొత్తమామిడి పండగ గురించి వాదించడానికి ఆమె ఒక్కతే.

మన చరిత్రలోనూ ఈ ముడి ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది, ఉర్దూ మాధ్యమంలో. అదే ఏడాది రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఆ మహానగరంలో తన భాష వినబడే చోటు, పుస్తకాలు దొరికే చోటు అలాంటి హాస్టళ్లే. వాటి మేలును తక్కువ చేయలేను. కానీ పేరులోనే కులం ఉన్న గుమ్మం అందరికీ ఒకేలా తెరుచుకోదు కదా. దాదాపు వందేళ్ల తరువాత, 2016 జనవరిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలోనే గుడారం వేసుకుని, దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణాలు తీసుకున్నాడు. హాస్టల్ గది తాళం మార్చేస్తే మనిషికి ఏమవుతుందో ఇంతకన్నా ఎవరు చెప్పగలరు? కాలేజీ జీవితం తీపి జ్ఞాపకమని రాసే నాబోటివాళ్లు ఆ గుడారాన్ని దాటి రాయకూడదు.

అయినా నా అభిప్రాయాన్ని వదులుకోలేకపోతున్నాను. సవరించుకున్నాను. పని ఇవ్వడం వేరు, తాళంచెవి ఇవ్వడం వేరు. మేం పాడేరు అమ్మాయికి పని ఇచ్చాం. ఏం వండాలో, దేనికి ఖర్చు పెట్టాలో, ఎవరి పేరు గోడ మీద ఉండాలో తేల్చే అధికారం మాత్రం కమిటీ దగ్గరే ఉంచుకున్నాం. లెక్క రాసే చేతికి నిర్ణయించే హక్కు కూడా ఉండి ఉంటే ఆమె మాట మరోలా ఉండేదేమో. ఖాయంగా ఉండేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

మా స్టాఫ్‌రూమ్‌లో జరిగిన వాదన

ఇదంతా మా సహాధ్యాపకుడు ఒకాయనతో చెబితే ఆయన ఒప్పుకోలేదు. “మీ కమిటీ మంచిది, మీరు అదృష్టవంతులు. మా హాస్టల్లో మెస్ సెక్రటరీ నూనె డబ్బాలు బయట అమ్ముకున్నాడు. నేను నీళ్ల చారుతో రెండేళ్లు చదివాను. కాంట్రాక్టరు వచ్చాక మా తమ్ముడు పెరుగన్నం తిన్నాడు. పిల్లలు చదువుకోవడానికి వస్తారు, పప్పు తూచడానికి కాదు” అన్నాడు. ఆయన తిన్న నీళ్ల చారును నా జ్ఞాపకంతో కొట్టిపారేయలేను.

కానీ ఆయన హాస్టల్లో సెక్రటరీ ఒక్కడే, ఏడాది పొడుగునా వాడే, బలం ఉన్న గుంపు నిలబెట్టినవాడు. మా దగ్గర ముగ్గురు, ఒక నెల, గది నంబర్ల వరుస. లెక్క గోడ మీద. వచ్చే నెల తాళం ఇంకొకరిదని తెలిసినప్పుడు నూనె డబ్బా అమ్ముకోవడం అంత తేలిక కాదు. తప్పు జరిగిన చోట పద్ధతి మార్చాల్సింది. మనం తాళాలే తీసేసుకున్నాం.

కాలేజీ ఎన్నికల విషయంలోనూ అదే జరిగింది. కొట్లాటలు, రక్తపాతం చూసి ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర్లో వాటిని ఆపేశారు. ఇంచుమించు అదే కాలంలో, 61వ రాజ్యాంగ సవరణతో, దేశంలో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గింది. ముఖ్యమంత్రిని ఎన్నుకోగల పిల్లవాడు తన కాలేజీ గ్రంథాలయం ఎన్ని గంటలకు మూయాలో చెప్పలేడు. విద్యార్థి ఎన్నికల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన లింగ్డో కమిటీ 2006లో, అభ్యర్థి ఖర్చు ఐదు వేల రూపాయలు దాటకూడదని, డెబ్బై ఐదు శాతం హాజరు ఉండాలని జాగ్రత్తలు చెబుతూనే ఎన్నికలు జరపాలని చెప్పింది. మన దగ్గర చాలా కాలేజీల్లో ఆ జాగ్రత్తల అవసరమే రాలేదు, ఎన్నికలే లేవు కాబట్టి.

ఇంకో అభ్యంతరం మా అక్కది. వాడు బిడియస్థుడు, నలుగురిలో కలవడు, వాడిని కమిటీలూ గిమిటీలూ అని వేధించకు అంది. ఇది ఆలోచించాల్సిన మాటే. అందరూ మైకు పట్టుకోలేరు. కానీ తాళంచెవికి మాటకారితనం అక్కర్లేదు. మా కాలేజీలో ఒక అబ్బాయి మూడేళ్లు ఎవరితోనూ పది మాటలు మాట్లాడలేదు. పొద్దున ఏడింటికి రీడింగ్ రూమ్ తెరిచే పని అతనిది. పేపర్లు మడిచి, కిటికీలు తీసి, మూలన తన కుర్చీలో కూర్చునేవాడు. జ్వరం వచ్చి ఒకరోజు రాకపోతే ఎనిమిది మంది తలుపు దగ్గర నిలబడి అతని పేరు చెప్పి ఎక్కడున్నాడని నన్ను అడిగారు. అంతకు ముందు ఆ పేరు వాళ్ల నోట నేను వినలేదు.

డబ్బు సంచి

నేను కొన్నేళ్లు ఎన్.ఎస్.ఎస్., అంటే జాతీయ సేవా పథకం, కార్యక్రమ అధికారిగా ఉన్నాను. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో నలభై వేల మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక గ్రామంలో ఏడు రోజుల శిబిరం. ‘నేను కాదు, నీవు’ అన్నది దాని నినాదం.

మొదటి శిబిరంలో డబ్బు, సరుకుల పట్టిక, రోజువారీ కార్యక్రమం అన్నీ నా దగ్గరే ఉంచుకున్నాను. అబ్బాయిలు కాలువ పూడిక తీశారు, అమ్మాయిలు వంట చేశారు. అంతా సజావుగా జరిగింది. ఏడో రోజు బస్సు ఎక్కుతూ ఎవరి ఫోను వాళ్లు తీసి చూసుకున్నారు. ఆ బస్సులో కూర్చుని నాకు ఏదో వెలితిగా అనిపించింది. నేను యాభై మంది కూలీలను తీసుకొచ్చి తీసుకెళ్తున్నట్టుంది.

మరుసటి ఏడాది డబ్బు సంచి వాళ్లకే ఇచ్చాను. వంట, పలుగుపార రోజు మార్చి రోజు అబ్బాయిలకూ అమ్మాయిలకూ మారాలన్నది ఒక్కటే నా షరతు. మూడు రోజులు రాజభోగం. పన్నీరు కూర, గుత్తివంకాయ, సాయంత్రం మిరపకాయ బజ్జీలు. ఐదో రోజు పొద్దున సంచి విప్పి చూస్తే ఆ రోజుతో కలిపి ఇంకా మూడు రోజులు ఉన్నాయి, సరుకులు లేవు. ముప్పావు గంట ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. కలగజేసుకోకుండా ఉండటానికి నేను బడి వెనక్కి వెళ్లి నిలబడాల్సి వచ్చింది. నా జేబులో డబ్బు ఉంది, ఇచ్చేయాలని చేయి కదులుతోంది. చివరికి ఒక అమ్మాయి, అంతవరకూ వెనక వరుసలో ఉన్న అమ్మాయి, చారన్నం, పచ్చడి చాలు అని తేల్చింది. విషయం ఊళ్లోకి ఎలా పాకిందో, మధ్యాహ్నానికి మూడు ఇళ్ల నుంచి మజ్జిగ బిందెలు వచ్చాయి. ఆ రాత్రి ఊరివాళ్లతో కలిసి కూర్చుని తిన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సంతా గోల. ఇంత ఖర్చు తేడా ఎందుకు వచ్చిందని పైవాళ్లు నన్ను నిలదీశారు, సంజాయిషీ రాసిచ్చాను. ఆ కాగితం రాయాల్సి వచ్చినందుకు నేను ఒక్కరోజూ బాధపడలేదు.

సంక్రాంతికి వచ్చిన ఫోను

అక్క కొడుకు సంక్రాంతికి ఇంటికి రాలేదు. పండగ వెళ్లిన వెంటనే సెమిస్టర్ పరీక్షలు, రైలు టికెట్టూ దొరకలేదు. భోగి నాడు పొద్దున్నే ఫోను చేశాడు. కాంట్రాక్టరు మనుషులు పండగకు ఊళ్లకు వెళ్లిపోయారట. మూడు రోజులు మెస్ మూత. హాస్టల్లో మిగిలినవాళ్లు ముప్ఫై ఎనిమిది మంది, అందులో బీహార్ పిల్లలు, అస్సాం పిల్లలు, ఇద్దరు టాంజానియా నుంచి వచ్చినవాళ్లు. బయటి నుంచి తెప్పించుకోమని వార్డెన్ అన్నారట. వీళ్లు నలుగురు వెళ్లి వంటిల్లు మాకు ఇవ్వండి అని అడిగారట. ఒకసారి కాదన్నారు, రెండోసారి గ్యాసు జాగ్రత్త అని చెప్పి తాళం ఇచ్చారట.

వాడి గొంతు వెనక గిన్నెల చప్పుడు, హిందీలో ఎవరో దేనికో గట్టిగా వద్దంటున్న మాటలు. “పిన్నీ, తొందరగా చెప్పు, ముప్ఫై ఎనిమిది మందికి పప్పు ఎంత పోయాలి?”

మనిషికి నలభై గ్రాములు, కిలోన్నర చాలన్నాను. టాంజానియా అబ్బాయిలు పప్పు ఎలా తింటారో, అస్సాం పిల్లలకు ఏం కావాలో ముందు వాళ్లనే అడగమన్నాను. “అడిగాం పిన్నీ, వాళ్లే ఉల్లిపాయలు తరుగుతున్నారు” అని ఫోను పెట్టేశాడు.